ఓపిక ఎవరి సొత్తు?

1

చెడ్డ గురువుని విమర్శించటం కష్టం కాదు. మన సాహిత్యంలో ఆ పని గురజాడ ఎప్పుడో చేసిపెట్టాడు. గిరీశం వెంకటేశానికి చెప్పిన చదువేమిటో, ఆ చదువు ఎవరికి ఉపయోగపడిందో "కన్యాశుల్కం" చదివిన ప్రతివాడికీ తెలుసు. గిరీశాన్ని చూసి నవ్వితే మన బాధ్యత తీరిపోతుంది. కాని మంచి గురువు సంగతేమిటి? అబద్ధమాడనివాడు, తూకంలో మోసం చెయ్యనివాడు, తాను చెప్పినట్టే బతికినవాడు, పైగా మనకి అన్నం పెట్టినవాడు చెప్పిన లోకజ్ఞానాన్ని విమర్శించవచ్చునా? విమర్శిస్తే ఏ ప్రమాణంతో విమర్శించాలి? విమర్శించకుండా వూరుకుంటే ఎవరికి ద్రోహం చేసినట్టు?

ఈ ప్రశ్న నాకు పుస్తకాల్లోంచి రాలేదు. గుంటూరు మిర్చి యార్డులో వ్యాపారం చేసిన ఒక పెద్దమనిషి దగ్గర, డిగ్రీ చదివే రోజుల్లో, 2008 నుంచి మూడేళ్లపాటు సాయంత్రాలు నేను పద్దులు రాశాను. ఆయన పేరు ఇక్కడ రాయటం లేదు. తన పేరు అచ్చులో కనపడటం ఆయనకి గిట్టదు. తమ వూరి గుడికి ప్రహరీ కట్టించి కూడా రాతి మీద పేరు చెక్కనివ్వలేదు. నా ఎం.ఏ. ఫీజు ఆయనే కట్టాడని నాకూ, ఆయనకీ, ఆయన గుమాస్తాకీ తప్ప నాలుగో మనిషికి తెలియదు. ఇప్పుడు ఈ వ్యాసం చదివేవాళ్లకి తెలుస్తుంది. అంచేత ఇది ఒక రుణగ్రస్తుడి విమర్శ అని పాఠకులు మొదటే గుర్తుంచుకోవాలి. రుణగ్రస్తుడి విమర్శలో రెండు ప్రమాదాలున్నాయి. కృతజ్ఞతవల్ల నిజాన్ని మెత్తబరచటం ఒకటి. కృతజ్ఞత బరువు వదిలించుకోవటానికి నిజాన్ని లేనంత కరుకు చెయ్యటం రెండోది. రెండింటి మధ్యా నడవటానికి ప్రయత్నిస్తాను.

వ్యాపారంలో నెగ్గినవాళ్ల బతుకుపాఠాలు ఈనాడు పుస్తకాల దుకాణాల్లో గుట్టలుగా పడివున్నాయి. వాటి సంగతి ఇక్కడ అక్కర్లేదు. అచ్చులో వచ్చిన ఉపదేశాన్ని పదిమంది చదువుతారు, పదిమంది ప్రశ్నిస్తారు. పెట్టుబడి గలవాడి అనుభవం, పెట్టుబడి లేని కుర్రవాడి చెవిలో, ప్రేమతో, రహస్యంగా పడినప్పుడు దానికి వుండే బలం వేరు. దాన్ని ప్రశ్నించటానికి మనసొప్పదు. అందుకే ప్రశ్నించవలసిన అవసరం ఎక్కువ. నెగ్గిన వ్యాపారి అనుభవం అందరికీ వర్తించే జీవితసత్యమా, లేక ఒక స్థానంలో నిలబడ్డవాడికి మాత్రమే కనిపించే దృశ్యమా? ఈ వ్యాసంలో నా విచారణ ఇదే.

2

ఆయన చదివింది ఎనిమిదో తరగతి. మాట్లాడేది తక్కువ. నాకు పాఠమంటూ ఏనాడూ చెప్పలేదు. చిట్టాలోంచి ఆవర్జాలోకి పద్దులెక్కిస్తూ నేను తప్పు చేసినప్పుడో, కొట్లో ఏదైనా వ్యవహారం తగులుకున్నప్పుడో ఒక్క వాక్యం అనేవాడు. ఆ వాక్యాలు నేను నోటుపుస్తకం చివరి పేజీల్లో రాసుకునేవాణ్ణి. వాటిలో నాలుగింటిని పరిశీలనకి తీసుకుంటాను.

మొదటిది సరుకు గురించి. మిర్చి టిక్కీలో పై కాయ ఎర్రగా నిగనిగలాడుతుంది. లోపల తాలు కాయ వుండవచ్చు, చెమ్మ వుండవచ్చు. కొత్తగా చేరిన గుమాస్తా ఒకడు పైనున్న పిడికెడు చూసి ధర అనబోతే ఆయన వారించి, "చెయ్యి మోచేతిదాకా దింపు" అన్నాడు. ఈ మాట నాకు మిర్చి వ్యాపారంలో పనికిరాలేదుగాని, సాహిత్య విమర్శలో చాలా పనికొచ్చింది. పీఠిక చదివి గ్రంథం మీద తీర్పు చెప్పే అలవాటు నాకు లేకపోవటానికి ఆయనే కారణం.

రెండోది మాట గురించి. యార్డులో లక్షల విలువ చేసే సరుకు నోటిమాట మీద చేతులు మారుతుంది. "మాట ఇచ్చేముందు ఎంతసేపైనా ఆలోచించు. ఇచ్చాక ఆలోచించకు" అనేవాడు. ఒకసారి ఉదయం ఒక ఎగుమతి వ్యాపారికి ధర ఒప్పుకున్నాడు. మధ్యాహ్నానికి ధర పెరిగింది. కాగితం లేదు, సంతకం లేదు. అయినా ఉదయం అన్న ధరకే సరుకు తూయించాడు. ఆ నష్టం పద్దు రాసింది నేనే.

మూడోది గుట్టు గురించి. "చిట్టాకి నోరుంటే కొట్టుకి తాళం పడుతుంది." ఎవరికి ఎంత బాకీ, ఎవరి దగ్గర ఎంత నిలవ, రేపు ఏ సరుక్కి గిరాకీ రాబోతోంది, ఇవి ఆయన కన్నకొడుక్కి కూడా మొత్తం చెప్పేవాడు కాదు.

నాలుగోది ఓపిక గురించి. "తొందర వున్నవాడు అమ్ముతాడు, తొందర లేనివాడు కొంటాడు." ఆయన వ్యాపారమంతా ఈ వాక్యంలో వుంది. ధర ఎక్కినప్పుడు ఆయన ఎగిరిపడగా నేను చూడలేదు. పడినప్పుడు కంగారుపడగా చూడలేదు. పదిమంది పరుగెత్తుతుంటే కూర్చునేవాడు.

ఈ నాలుగు మాటలూ నిజాలే. శ్రామికవర్గ దృక్పథం గలవాడు ఇందులో కాదనవలసింది ఏమీ లేదని నేను చాలాకాలం అనుకున్నాను. ఆయన్నిబట్టి వ్యాపారస్తులందరూ దొంగలనే చవకబారు వాదం తప్పని తెలుసుకున్నాను. అది నిజంగా తెలుసుకోవలసిన విషయమే. అయితే అక్కడితో ఆగిపోయాను. ఆ తప్పు ఆయనది కాదు.

3

"నీతి" అన్న మాట మన భాషలో రెండు పనులు చేస్తుంది. ధర్మమన్న అర్థం ఒకటి. నెగ్గుకొచ్చే ఉపాయమన్న అర్థం మరొకటి. వినేవాడికి ఈ రెండూ ఒకటేనన్న భ్రమ కలుగుతుంది. చిన్నయసూరి 1853లో ప్రచురించిన "నీతిచంద్రిక"ని నేను క్లాసులో ఏళ్ల తరబడి చెబుతున్నాను. అందులోని నీతి చాలావరకు రెండో రకం. దానికి మూలమైన కథల చట్రమే ఆ సంగతి చెబుతుంది: విష్ణుశర్మ చదువు చెప్పింది రాజకుమారులకి. ఏలవలసినవాళ్లకి ఏలటం నేర్పాడు. ఆ నీతికి ఒక చిరునామా వుంది.

మిత్రభేదం ఎలా మొదలవుతుంది? వర్ధమానుడనే వర్తకుడు బండి కట్టుకుని వ్యాపారానికి బయలుదేరతాడు. అడవి మధ్యలో సంజీవకమనే ఎద్దు కాలు విరిగి పడిపోతుంది. వర్తకుడు విచారిస్తాడు, తర్వాత ఎద్దుని అక్కడే వదిలి ముందుకి సాగుతాడు. వ్యాపారనీతి ప్రకారం అతను చేసింది తప్పు కాదు. బండి ఆగకూడదు, సరుకు చేరాలి, ఒక ఎద్దు కోసం అంతా పోగొట్టుకోకూడదు. వర్ధమానుణ్ణి గురువుగా పెట్టుకున్న కుర్రవాడు ఈ సూత్రాన్ని నోటుపుస్తకంలో రాసుకుంటాడు.

కాని కథ వర్తకుడి వెంట పోలేదు. ఎద్దు దగ్గర ఆగింది. కాలు బాగుపడి అది అడవిలో తిరగటం, సింహంతో స్నేహం, నక్కల పన్నాగం, చివరికి చావు, ఇదంతా వర్తకుడు వెళ్లిపోయిన తర్వాతి సంగతి. ఉపదేశంలో లేని ఎద్దు కథలో వుంది. వ్యాపారి చెప్పిన సూత్రం వింటున్నప్పుడు, ఆ సూత్రం అమలైన చోట కాలు విరిగి పడివున్నదెవరని అడగటం సాహిత్య విద్యార్థికి అలవాటు కావాలి. నాకు ఆ అలవాటు సాహిత్యంవల్ల రాలేదు. మా మేనమామవల్ల వచ్చింది.

4

2016లో మిర్చి ధర బాగుంది. క్వింటాలు పన్నెండువేలు దాటింది. ఆ ధర చూసి రైతులు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ సాగు పెంచారు. పంట విరగపండింది. 2017 ఏప్రిల్ నాటికి ధర మూడువేల దరిదాపులకి పడిపోయింది. ఏప్రిల్ 28న ఖమ్మం యార్డులో రైతుల ఆగ్రహం బద్దలైంది. అరెస్టయిన రైతుల్ని మే నెలలో బేడీలు వేసి కోర్టుకి తీసుకుపోయారు. అదే మే నెలలో క్వింటాలుకి 5,000 రూపాయల చొప్పున కొనేందుకు కేంద్ర ప్రభుత్వం మార్కెట్ జోక్య పథకం ప్రకటించింది. అప్పటికే చాలామంది కాయలు అమ్ముకుని ఇళ్లకి పోయారు.

మా మామయ్య కౌలుదారు. మూడెకరాలు పట్టి మిర్చి వేశాడు. బ్యాంకు అప్పు భూమి కాగితం వున్నవాడికి వస్తుంది. కౌలుదార్లకి రుణ అర్హత కార్డులివ్వాలని 2011లో చట్టం చేశారుగాని, కార్డుకి దరఖాస్తు పెడితే మరుసటేడు చేను ఇవ్వనని యజమాని చెప్పాడు. కార్డు లేదు, బ్యాంకు లేదు. అంచేత షావుకారు దగ్గర 1,20,000 రూపాయలు తెచ్చుకున్నాడు. ఆయన దగ్గరికి తీసుకువెళ్లింది నేనే. మంచి మనిషి దగ్గర అప్పు చేయించానని ఆ ఏడాదంతా సంతోషించాను కూడా. పంట చేతికొచ్చాక, అప్పిచ్చిన కొట్టుకే సరుకు తోలటం ఆనవాయితీ.

అరవై టిక్కీలు తోలుకొచ్చాడు. కాటా వేస్తే పాతిక క్వింటాళ్లు. ఆ రోజు నేనూ వున్నాను. షావుకారు మామూలుకన్నా జాగ్రత్తగా తూయించాడు. ముఠా కూలీలు దించుతుండగా రాలిన కాయలు ఏరించి సంచీలో పోయించాడు. ఆయన కొడుకు పేర కొనుగోలు లైసెన్సు కూడా వుండేది. తన కొట్లో దిగిన సరుకు తామే కొనవలసివస్తే, బయటివాడు వేసిన ధర మీద పది రూపాయలైనా ఎక్కువ వెయ్యాలన్నది ఆయన పెట్టుకున్న నియమం. ఆ రోజు పైధర 3,090. ఆయన 3,100 వేశాడు. పట్టీ రాసింది మా పాత గుమాస్తా. పాతిక క్వింటాళ్లకి 77,500. అందులో కమీషను, ముఠా కూలి పోను మిగిలింది బాకీలో జమ. పట్టీ అడుగున చేతికివ్వవలసిన రొక్కం లేదు. ఇంకా ఇవ్వవలసిన బాకీ వుంది. మిగతా కాయలు కూడా తోలితే అప్పు తీరవచ్చు, తీరకపోవచ్చు. కౌలు, పురుగుమందుల కొట్టు అలాగే వుంటాయి.

షావుకారు మా మామయ్యకి భోజనం పెట్టించాడు. "ఈ ఏడు వడ్డీ వద్దులే" అన్నాడు. మామయ్య దణ్ణం పెట్టి వెళ్లిపోయాడు. మరుసటేడు మిర్చి వెయ్యలేదు. చేనే పట్టలేదు. ఇప్పుడు హైదరాబాదులో ఒక అపార్టుమెంటుకి కాపలా వుంటున్నాడు.

ఆ కాయలు ఏమైనాయి? శీతల గిడ్డంగికి వెళ్లాయి. యార్డు భాషలో దాన్ని "ఏసీ" అంటారు. అక్కడ కాయ రంగు పోకుండా నెలల తరబడి నిలవుంటుంది. ధర కోలుకున్నాక అమ్మారు. ఎంత మిగిలిందో నేనడగలేదు. గుట్టు విలువ తెలిసినవాడు గనక ఆయనా చెప్పలేదు.

ఇందులో మోసమెక్కడుంది? తూకం సరి, ధర పైధర కన్నా ఎక్కువ, వడ్డీ మాఫీ. ఒక్క కాయ కూడా అక్రమంగా చేతులు మారలేదు. అయినా ఒకడు చేను వదిలి కాపలాకి పోయాడు, మరొకడికి లాభం వచ్చింది. ఏదో ఒక తప్పు దొరికితే నా మనసు తేలికపడేది. దొరకలేదు. అన్యాయం ఆయన గుణంలో లేదు. ఇద్దరి మధ్య వున్న సంబంధంలో వుంది. సంబంధంలో వున్న అన్యాయాన్ని సద్గుణం సరిదిద్దలేదు. పైగా ఆ సంబంధం సాఫీగా నడవటానికి కందెనగా పనికొస్తుంది. మా మామయ్య దణ్ణం పెట్టి వెళ్లాడన్న సంగతి పాఠకులు మరిచిపోకూడదు. ఖమ్మంలో ఫర్నిచరు విరగ్గొట్టిన రైతులకి బహుశా ఇంత మంచి షావుకార్లు దొరకలేదు.

5

"తొందర వున్నవాడు అమ్ముతాడు, తొందర లేనివాడు కొంటాడు." ఇప్పుడు ఈ వాక్యంలోకి చెయ్యి మోచేతిదాకా దింపుదాం.

తొందర ఒక స్వభావమని నేననుకునేవాణ్ణి. మా మామయ్య తొందరమనిషి కాడు. ఆరునెలలు చేలో వంగి, కాయ కాయా కోయించి, కల్లంలో ఎండబెట్టి తెచ్చినవాడికి ఓపిక లేదనటం హాస్యాస్పదం. అతనికి లేనిది ఏసీ అద్దె. అతనికి వున్నది గడువు తప్పని బాకీ. గిడ్డంగి రసీదు మీద అప్పు పుట్టేందుకు 2007లో చట్టం చేశారు. మంచి చట్టమే. కాని పంట మీద ముందే అప్పు తెచ్చుకున్నవాడి సరుకు యార్డు గేటు దాటకముందే సగం పరాయిది. దాన్ని ఏసీలో పెట్టుకుని రసీదు తీసుకునే స్వేచ్ఛ అతనికెక్కడిది? కాబట్టి షావుకారు ఓపిక అన్నది ఆయన మనస్సులో మాత్రమే లేదు. గిడ్డంగిలో, బ్యాంకు ఖాతాలో, ఇతరుల తొందరలో వుంది. ఎదుటివాడికి తొందర లేకపోతే ఈయన ఓపికకి ధరే లేదు.

గుట్టు కూడా అంతే. దానం చేసి పేరు చెప్పుకోకపోవటం గుట్టే, నిలవలెంతో బయటికి పొక్కకపోవటం గుట్టే. ఒకే స్వభావంలోంచి రెండూ వచ్చాయి. మొదటిదాన్ని చూసి నేను ఆయన్ని గౌరవించాను. రెండోదాన్ని కూడా అదే గౌరవంలో కలిపేసుకున్నాను. ఈనాడు రైతు తన చేతిలోని ఫోనులో ఏ రోజు ధర ఆ రోజు చూసుకోగలడు. కాని ఏ ఏసీలో ఎవరి పేర ఎంత నిలవుందో, విదేశాలనుంచి ఎవరికి ఆర్డర్లు వచ్చాయో ఫోను చెప్పదు. ధర ఎటు తిరుగుతుందో ఆ లెక్క చెబుతుంది. ఆ లెక్క కొందరి చిట్టాల్లో వుంటుంది. అక్కడ గుట్టు వినయం కాదు, పెట్టుబడి.

ఈ సంగతి ఆయన్నే అడిగాను. అదే ఏడాది దసరా పండక్కి వెళ్లినప్పుడు, వసారాలో కూర్చుని వుండగా, "షావుకారుగారూ, మా మామయ్యకి మీరు ఓపిక నేర్పగలిగివుంటే ఏం నేర్పేవారు?" అన్నాను.

ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్నాడు: "నేను కొనకపోతే ఆ రోజు 3,090కి ఇంకోడు కొనేవాడు. నేను అయిదువేలు వేసుంటే మర్నాడు యార్డులో వున్న టిక్కీలన్నీ నా కొట్టు ముందుకొచ్చేవి. వారంలో నేనుండను, నా గుమాస్తాలుండరు. వ్యాపారం తెలిసిన నీకు ఇది చెప్పక్కర్లేదు, అబ్బాయ్."

"తెలుసండి. అందుకే అడుగుతున్నాను" అన్నాను.

"అయితే నువ్వడిగింది వ్యాపారం ప్రశ్న కాదు. దానికి నా దగ్గర జవాబు లేదు" అన్నాడు.

ఆయన నాకు చెప్పిన మాటలన్నిటిలోకీ గొప్పది ఇదే. తన తెలివి ఎక్కడ ఆగిపోతుందో ఆయనకి తెలుసు. ఒక్క మంచి వ్యాపారి ఈ వ్యవస్థని మార్చలేడన్నది ఆయన వాదన. ఆ వాదన నిజం కూడా. మనం రాసే వ్యాసాల్లో పెట్టుబడిదారుడి వ్యక్తిగత దుర్మార్గం మీద ఖర్చుపెట్టే సిరాలో సగం, మంచివాడికి కూడా మార్గాంతరం లేకుండా చేసే పరిస్థితుల మీద ఖర్చుపెడితే మేలు.

6

ఇక్కడ ఒక మిత్రుడు ఆక్షేపణ చెప్పాడు. "అయితే ఆయన దగ్గర నువ్వు నేర్చుకున్నది ఏముంది? అది కొనేవాడి భావజాలం. పారెయ్యి." వినటానికి విప్లవాత్మకంగా వున్న ఈ మాట అసలు ఆలోచించటానికి నిరాకరించటమే. మన ఉద్యమ చరిత్రే దీనికి జవాబు చెబుతుంది.

ఎంగెల్స్ మాంచెస్టరులో వ్యాపారి. తండ్రికి భాగమున్న నూలు కంపెనీలో పనిచెయ్యటానికి 1842 చివర్లో మొదటిసారి అక్కడికి వెళ్లాడు. పగలు కంపెనీ ఆఫీసు, తీరిక వేళల్లో కార్మికుల పేటలు. ఆ అనుభవంలోంచి 1845లో ఇంగ్లండు కార్మికవర్గ స్థితిగతుల మీద పుస్తకం వచ్చింది. తిరిగి 1850లో అదే కంపెనీలో చేరి 1869 వరకు పనిచేశాడు. 1864లో భాగస్వామి అయ్యాడు. అతను కూడా గుట్టుమనిషే. వ్యాపారస్తుల కోసం ఒక బస, మేరీ బర్న్స్‌తో నిజమైన కాపురం ఇంకోచోట. ఆ సంపాదనలోంచి మార్క్స్ కుటుంబానికి డబ్బు వెళ్లేది.

డబ్బు సంగతి అందరూ చెబుతారు. నేను చెప్పదలచుకున్నది వేరే. 1858 మార్చిలో మార్క్స్ అతనికి ఉత్తరం రాసి, మీ ఫ్యాక్టరీలో యంత్రాలు ఎన్నేళ్లకొకసారి మారుస్తారని అడిగాడు. బాబేజ్ తన పుస్తకంలో అయిదేళ్లని రాశాడు, అది మార్క్స్‌కి నమ్మశక్యంగా లేదు. రెండు రోజుల్లో ఎంగెల్స్ జవాబిచ్చాడు: మామూలుగా ఏడాదికి ఏడున్నర శాతం అరుగుదల కింద రాసుకుంటారు, ఆ లెక్కన యంత్రం పదమూడేళ్లు దాటి వస్తుంది. చిట్టా తెలిసినవాడు చెప్పగల జవాబు ఇది. పెట్టుబడి ఎలా తిరుగుతుందో, సంక్షోభాలు కొన్నేళ్లకొకసారి ఎందుకొస్తాయో మార్క్స్ ఆలోచిస్తున్న రోజులవి. కొట్టు గుట్టు ఒకటి సిద్ధాంతంలోకి వెళ్లి అందరిదీ అయింది.

ఎంగెల్స్ లాభంలో నూలు మిల్లు కూలీల శ్రమ లేదా? వుంది. అతను మంచివాడు కావటంవల్ల అది లేకుండా పోలేదు. అతను కూడా మిల్లులో వుంటూ మిల్లుని మార్చలేకపోయాడు. తేడా ఎక్కడుందంటే, తన స్థానంలోంచి కనిపించినదాన్ని ఆ స్థానం లేనివాళ్ల చేతికిచ్చాడు. వ్యాపారజ్ఞానంలో పారెయ్యవలసింది ఏమీ లేదు. దాన్ని ఎవరికి అప్పజెబుతామన్నదే ప్రశ్న. నా షావుకారు నాకిచ్చాడు. నేను ఆ నోటుపుస్తకాన్ని ఇన్నేళ్లు నా అలమారులో దాచుకున్నాను. నాలుగు వాక్యాలు తెలుసుకుని ఉద్యోగం సంపాదించి, జీతం జాగ్రత్తగా ఖర్చుపెట్టి, నెమ్మదస్తుడనిపించుకున్నాను. ఆయన గుట్టుకి నేను వారసుణ్ణయ్యాను. ఈ వ్యాసంలో ఎవరినైనా తప్పుపట్టవలసివుంటే మొదట నన్ను పట్టాలి.

7

"పరపతి" అన్న మాట చూడండి. మాట నిలబెట్టుకున్నవాడికి నలుగురిలో వుండే విలువ పరపతి. అప్పు పుట్టటం కూడా పరపతే. మా షావుకారు మాటకి లక్షల పరపతి వుంది. మా మామయ్య కూడా జన్మలో మాట తప్పలేదు. కాని అతని మాట మీద బ్యాంకులో పదివేలు పుట్టవు. ఇద్దరి సత్యసంధతా ఒకటే అయినప్పుడు, ఒకరిది ఆస్తిగా, ఇంకొకరిది కేవలం మంచితనంగా ఎందుకు మిగిలిపోవాలి?

ఈ ప్రశ్నకి మన పల్లెల్లోనే ఒక జవాబు నడుస్తోంది. అప్పటి కరీంనగర్ జిల్లా ముల్కనూరులో 1956లో, అలిగిరెడ్డి కాశీ విశ్వనాథరెడ్డి చొరవతో ఒక సహకార గ్రామీణ పరపతి, మార్కెటింగ్ సంఘం ఏర్పడింది. సంఘం పేరులోనే పరపతి వుంది. ఒక్కొక్క రైతు మాటకి విలువ కట్టని బ్యాంకు, వందలమంది కలిసి ఇచ్చిన మాటకి విలువ కడుతుంది. అప్పుతోబాటు ఎరువులు, విత్తనాలు, ధాన్యం కొనుగోలు, మరపట్టించటం, అమ్మకం అన్నీ సంఘమే చూడటం మొదలెట్టింది. ఆరు దశాబ్దాలు దాటినా ఆ సంఘం నిలిచేవుంది.

ఇందులో విశేషమేమిటి? మా షావుకారు చెప్పిన నాలుగు మాటలూ అక్కడ పనిచేస్తాయి. సరుకు లోతుగా చూడాలి, మాట తప్పకూడదు, తొందరపడి అమ్మకూడదు. ఏ ఒక్కటీ అబద్ధం కాలేదు. కాని ఓపిక ఒక్కడి గిడ్డంగిలో లేదు, సంఘం గిడ్డంగిలో వుంది. గుట్టు విషయంలో మాత్రం సూత్రం తలకిందులైంది. అక్కడ చిట్టాకి నోరుండాలి. లెక్కలు సర్వసభ్య సమావేశం ముందు పెట్టకపోతే ఆ కొట్టుకే తాళం పడుతుంది. ఎన్నో సహకార సంఘాలు అలాగే మూతబడ్డాయి. నలుగురు పెద్దలు వాటిని తమ సొంత కొట్లుగా మార్చుకున్నారు, లెక్కలకి షావుకారు గుట్టు అలవాటు చేశారు. అంచేత సహకారమన్న పేరు పెట్టగానే అన్యాయం మాయమవుతుందని నేననను. మంచివాళ్ల చేతిలో పెడితే చాలని కూడా అనను. మంచివాడి విషయంలో ఏం జరిగిందో పైన చెప్పాను.

8

ఇప్పుడు నా దగ్గర చదువుకునే పిల్లల్లో కౌలుదార్ల పిల్లలున్నారు, ముఠా కూలీల పిల్లలున్నారు. పరీక్షలయ్యాక కొందరు ఇంటికొచ్చి, "మాస్టారూ, బతకటానికి ఏదైనా మార్గం చెప్పండి" అని అడుగుతారు. ఇదివరకు నేను నోటుపుస్తకం తీసి ఆ నాలుగు మాటలు చెప్పేవాణ్ణి. వాళ్లు శ్రద్ధగా రాసుకునేవాళ్లు. ఓపిక పట్టమని, ఓపికకి అద్దె కట్టలేనివాడికి చెప్పానన్నమాట.

ఇప్పుడు కూడా ఆ మాటలు చెబుతున్నాను. మానలేదు. వాటితోబాటు మా మామయ్య పట్టీ కూడా బల్లమీద పెడుతున్నాను. పాతిక క్వింటాళ్లు, 3,100, కమీషను, ముఠా కూలి, బాకీ. రెండూ పక్కపక్కన పెట్టి చదవమంటున్నాను. మొన్న ఒక అమ్మాయి పట్టీ అంతా చదివి, "ఇందులో మీ మామయ్యగారి కూలి ఎక్కడ రాశారండీ?" అని అడిగింది. మూడేళ్లు పద్దులు రాసిన నాకు ఆ ప్రశ్న తోచలేదు. ముఠా కూలీల కూలికి పట్టీలో గడి వుంది. పండించినవాడి కూలికి గడి లేదు.

గురుదక్షిణ అంటే గురువు మాట తు.చ. తప్పకుండా పాటించటమని ఒక సంప్రదాయం. గురువుని ధిక్కరించి బయటపడటమే చైతన్యమని ఇంకొక సంప్రదాయం. నాకు రెండూ చాలవు. ఆయన జ్ఞానం ఎవరి తొందరలోంచి, ఎవరి శ్రమలోంచి పుట్టిందో వాళ్లకి దాన్ని తిరిగి ఇవ్వాలి. దానికి పక్కన పట్టీ కూడా పెట్టి ఇవ్వాలి. నా ఫీజు ఆయన కట్టాడు. ఆ డబ్బు ఏ పద్దులోంచి వచ్చిందో నాకు తెలుసు, ఎందుకంటే ఆ పద్దులు రాసింది నేను.

ఆయన ఇప్పుడు వ్యాపారం మానేశాడు. చూపు తగ్గింది, ఎవరో ఒకరు చదివిపెట్టాలి. ఈ సంచిక పట్టుకుని నేనే వెళ్లి చదివి వినిపిద్దామనుకుంటున్నాను. కోపం వస్తే రావచ్చు. చెయ్యి మోచేతిదాకా దింపమన్నది ఆయనే గనక, రాదనే నా నమ్మకం.